కొల్లేటి గాలిలో పొడి కలుగు

ఆషాఢం వచ్చిందని ఏలూరు వంటింట్లో అందరికన్నా ముందు చెప్పేది ఉప్పు జాడీ. మూత తీస్తే పైన గడ్డ, అడుగున నీరు. చెంచా దిగదు. మనం జాడీని కాసేపు ఎండలో పెట్టి ఊరుకుంటాం గానీ, అక్కడ ఒక కొలత జరిగింది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటినప్పుడే నీటిని లాక్కుని కరుగుతుంది. అంతకు తక్కువైతే పొడిగానే ఉంటుంది. కల్లుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ వంటి లవణాలు కాస్త కలిసి ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. ఒకే అరలో పక్కపక్కనున్న రెండు జాడీలు, కల్లుప్పుది ఒకటి, మెత్తని ఉప్పుది ఒకటి, ఇంటి గాలికి రెండు గీతలు గీసి చూపిస్తున్నాయన్నమాట.

ఈ ప్రాంతానికి తేమ లెక్క కొత్త కాదు. ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడ్డ ఏ రైతునడిగినా తేమ శాతం 17 దాటితే ఏమవుతుందో చెబుతాడు. యంత్రం రాకముందు పంటితోనే చూసేవారు. గింజ కొరికితే పటుక్కుమనాలి. మెత్తగా నలిగితే ఇంకో ఎండ పడాలి. నేను రాయబోయేది అరచేతిలో పట్టే ఒక పెంపుడు జంతువు గురించి. కానీ దాన్ని ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కైకలూరులోనో సుఖంగా బతికించడానికి కావలసిన తెలివి చాలావరకు ఈ రెండు అలవాట్లలోనే ఉంది. ఉప్పు జాడీ వైపు ఓ కన్నేయడం, గింజ కొరికి చూడటం.

ఆ జంతువు పేరు జెర్బిల్. ఎలుక జాతిదే. బరువు 60 నుంచి 100 గ్రాములు. తోక నున్నగా ఉండదు, పొడుగునా వెంట్రుకలుండి చివర కుచ్చులా ముగుస్తుంది. అలికిడైతే వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి, ముందు కాళ్లు గుండెకు ఆనించుకుని చూస్తుంది. భయమేస్తే వెనక కాళ్లతో నేలను టపటపా కొట్టి తోటివాటిని హెచ్చరిస్తుంది. ఇళ్లలో పెంచేది మంగోలియా జెర్బిల్‌ని. 1866లో ఆర్మాన్ డేవిడ్ అనే ఫ్రెంచి మిషనరీ ఉత్తర చైనా నుంచి దీని నమూనాలను పారిస్‌కు పంపాడు. 1935లో జపాన్ పరిశోధకులు ఆమూర్ నది పరీవాహక ప్రాంతంలో 20 జతలను పట్టి తీసుకెళ్లారు. వాటి సంతతిలోంచి 11 జతలు 1954లో అమెరికా చేరాయి. ఇవాళ ప్రపంచం నలుమూలలా ఇళ్లలో, ప్రయోగశాలల్లో ఉన్న జెర్బిళ్లలో చాలా భాగం ఆ కొద్ది జతల వారసులే.

దీన్ని ఎడారి ఎలుక అంటుంటారు. సరిగా చెప్పాలంటే అది పొడి గడ్డిమైదానాల జీవి. వాన తక్కువ, గాలి ఎక్కువ, చలికాలంలో నీళ్లన్నీ రాయిలా గడ్డకట్టే నేల. అక్కడ బతకడానికి దాని శరీరం నీటిని పిసినారిలా దాచుకోవడం నేర్చింది. మూత్రపిండాలు మూత్రాన్ని ఎంతగా చిక్కబరుస్తాయంటే రోజు మొత్తానికి కొన్ని చుక్కలే బయటికి పోతాయి. పంజరం పెద్దగా వాసన రాకపోవడానికి కారణం ఇదే. అలాగని నీళ్లు పెట్టకుండా ఉండకూడదు. రోజుకు ఒక టీస్పూను చాలు గానీ, అది తాజాగా, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

దాని వెంట్రుకల సంగతి చూస్తే మన ఊరి గాలితో పేచీ ఎక్కడో తెలుస్తుంది. జెర్బిల్ కన్ను వెనక హార్డేరియన్ గ్రంథి అని ఒకటుంది. అందులోంచి వచ్చే కొవ్వు పదార్థం ముక్కు దగ్గరికి దిగుతుంది. జెర్బిల్ దాన్ని లాలాజలంతో కలిపి ఒళ్లంతా పులుముకుంటుంది. చలికి అదొక నూనె పూత. ఎక్కువైనప్పుడు ఇసుకలో పొర్లి వదిలించుకుంటుంది. ఈ ఏర్పాటు పొడిగాలిలో చక్కగా నడుస్తుంది. గాలిలో తేమ 50 శాతం దాటి అలాగే నిలబడితే వెంట్రుకలు జిడ్డుగా, తలకు నూనె ఎక్కువైన పిల్లవాడి జుట్టులా అట్టలు కట్టి నిక్కబొడుచుకుంటాయి. ముక్కు చుట్టూ ఆ స్రావం పేరుకుని చర్మాన్ని మండిస్తుంది, పుండు పడుతుంది, బాక్టీరియా చేరుతుంది. ముక్కు దగ్గరి ఎర్రని మరక చూసి రక్తమనుకుని కంగారుపడతారు. చాలాసార్లు అది రక్తం కాదు, ఆ స్రావంలోని పార్ఫిరిన్ అనే వర్ణకం. అయినా వైద్యుడికి చూపించాల్సిందే.

ఒక మెలిక ఉంది. అడవిలో జెర్బిల్ కలుగు లోపలి గాలి బయటి గాలికన్నా చెమ్మగానే ఉంటుంది. ఊపిరితో పోయే నీరు ఆ ఇరుకులో నిలిచి, జంతువుకు నీటి ఆదా అవుతుంది. కాబట్టి తేమే విషం అనుకోవడం పొరపాటు. కలుగులోంచి బయటికొచ్చి ఇసుకలో ఒక్కసారి పొర్లితే అక్కడ ఒళ్లు ఆరిపోతుంది. శ్రావణంలో కొల్లేటి ఒడ్డున బయటికొచ్చినా ఆరదు. లోపలా చెమ్మే, బయటా చెమ్మే. మనం కట్టి ఇవ్వాల్సింది కలుగు ఒక్కటే కాదు, ఆ కలుగు బయటి పొడి లోకం కూడా.

ఈ నేలలో కలుగులకు కొదవా? కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దిగుతాయి. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దు గీసింది ఐదో కాంటూరుతో, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతతో. అప్పటినుంచి కాంటూరు అన్న మాట తెలియని చేపల చెరువు రైతు ఇక్కడ లేడు. మనుషులకే కాదు, ఎలుకలకూ కాంటూర్లున్నాయి. అవి నేల తేమ గీసిన గీతలు. తడి నల్లమట్టి గట్లు పందికొక్కువి. బాగా ఈదగలదు, వరద వస్తే గట్టెక్కుతుంది, వరి పొట్ట మీదున్నప్పుడు దుబ్బులు కొరికి, గింజ పట్టాక కంకులు కలుగులోకి ఈడ్చుకుపోతుంది. కోతలయ్యాక ఆ కలుగులు తవ్వి ధాన్యం తీసుకోవడం యానాదులకు తరతరాలుగా తెలిసిన విద్య. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల మీద కూడా పరిశోధన సాగుతోంది. ఇంగ్లిషువాళ్లు పందికొక్కుకు మన పేరునే పట్టుకెళ్లి బాండికూట్ అన్నారు. ఆ మాట అక్కడితో ఆగలేదు, ఆస్ట్రేలియాలో పొట్టసంచి ఉన్న వేరే జంతువుకు అంటుకుని అక్కడే స్థిరపడిపోయింది. తెలుగు మాట ఒకటి ఇంత దూరం ప్రయాణించిందంటే నాకు ఎప్పుడూ సంబరంగానే ఉంటుంది.

మెట్టకు ఎక్కి, ఇసుక కలిసిన పొడి నేలలు వచ్చేసరికి పందికొక్కు తగ్గి, మన దేశపు జెర్బిల్ కనిపిస్తుంది. మంగోలియా చుట్టానికన్నా పెద్దది, రాత్రి తిరిగేది, ఒంటికన్నా పొడుగైన తోక, చివర నల్లని కుచ్చు. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ 1867 నాటి తన క్షీరదాల పుస్తకంలో దీని తెలుగు పేరును యెరి యెలక అని రాసుకున్నాడు. ఎర్ర ఎలుకే అయి ఉంటుందనుకుంటాను. ఇది మన మట్టిదే కదా, పట్టుకొచ్చి పెంచుదాం అన్న ఆలోచన మాత్రం వద్దు. దక్షిణ భారతంలో ఊళ్ల బయట ప్లేగు బాక్టీరియా తలదాచుకుని నిలిచి ఉండే జంతువుల్లో ఇది ముఖ్యమైనది. పొలం ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్, వాటి ఒంటి మీది నల్లుల్లాంటి పురుగులతో స్క్రబ్ టైఫస్ రావచ్చు. బోనులో పుట్టి పెరిగినదే ఇంటికి తగినది.

ఇక ఇల్లు కట్టడం. అందరూ తొట్టి ఎంత పెద్దదని అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది లోపల చీకటి గది ఉందా అని. బోనులో పెరిగే జెర్బిళ్లలో ఒక జబ్బులాంటి అలవాటు కనిపిస్తుంది. గాజు మూలలో నిలబడి, ఎదుట మట్టి లేకపోయినా, ముందు కాళ్లతో అదేపనిగా తవ్వుతూ ఉంటాయి, నిమిషాల తరబడి. తవ్వడానికి ఏమీ లేక అలా చేస్తున్నాయని చాలాకాలం అనుకున్నారు. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో క్రిస్టోఫ్ వీడెన్‌మాయర్ దీన్ని పరీక్షకు పెట్టి 1997లో ఫలితం ప్రచురించాడు. కొన్ని జెర్బిల్ పిల్లలకు తవ్వుకోవడానికి పొడి ఇసుక ఇచ్చాడు. అవి ఇసుకనూ తవ్వాయి, మూలనూ తవ్వాయి. పొడి ఇసుకలో సొరంగం నిలవదు, కూలిపోతుంది. ఇంకొన్నిటికి తవ్వే పనే లేకుండా తయారుగా ఉన్న కలుగు ఇచ్చాడు. వాటికి ఆ అలవాటు పట్టలేదు. అంటే జెర్బిల్‌కి కావలసింది తవ్వకం కాదు, తవ్వకం చివర దొరికే ఇల్లు. అది దొరికేదాకా కాళ్లు ఆగవు. ఆ తర్వాత అదే విశ్వవిద్యాలయంలో జరిగిన పనిలో ఇంకో సంగతి తేలింది. గూడుపెట్టె ఒక్కటే పెడితే సరిపోదు. దానికి ఇరుకైన సొరంగం దారి ఉండాలి, లోపల వెలుతురు పడకూడదు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది మన కుమ్మరి పిడత. గల్లాపెట్టె పిడతకు చీలిక పెట్టినట్టే, కాల్చకముందే పక్కన రెండంగుళాల కన్నం పెట్టించుకోవచ్చు. దాన్ని బోర్లించి, కన్నంలో జానెడు పొడవు గొట్టం అమర్చి, గొట్టం మూతి మాత్రం పైకి తేలేలా తొట్టి అడుగున పరిచే పరుపులో పూడ్చేస్తే, జ్యూరిక్‌లో ప్లాస్టిక్‌తో చేసిన కలుగు ఏలూరులో మట్టితో తయారవుతుంది. మట్టిది మేలు కూడా. కాల్చిన మట్టి చెమ్మను పీల్చుకుంటుంది, కొరుకుడుకు లొంగదు. రెండు పిడతలు చేయించుకుని ఒకటి లోపల ఉండగా రెండోదాన్ని కడిగి ఎండబెట్టుకుంటూ మార్చుకోవాలి. గొట్టం పీవీసీదైతే అంచులు కొరికేస్తాయి, చూసుకుంటూ ఉండాలి. చెక్క పలకలతో చేస్తే నిశ్చింత.

తొట్టికి చేపల అక్వేరియం బాగుంటుంది. జతకు మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు. పైన గాజు మూత వద్దు, ఇనుప జాలీ మూత కావాలి. గాజు మూత పెడితే ఊపిరి తేమ, మూత్రంలోంచి వచ్చే అమోనియా లోపలే నిలుస్తాయి. పరుపు కనీసం ఒక అడుగు మందం. ఏం వేయాలన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. తాడేపల్లిగూడెం చుట్టూ మిల్లులున్నాయి, ఊక చౌక. కానీ ఊకలో సిలికా ఉంటుంది, దుమ్ము లేస్తుంది, సొరంగం నిలవదు. రంపపు పొట్టు ముక్కుల్లోకి పోతుంది. వడ్రంగి చిత్రిక పట్టగా రాలే పొరలు వాడొచ్చు గానీ ఘాటు వాసన వేసే కలపవి వద్దు, ఆ వాసన పదార్థాలు ఊపిరితిత్తులకు, కాలేయానికి పడవు. కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు దాచుకునే రకం, మొక్కలకు వరం, దీనికి శాపం. నేను సిఫారసు చేసేది రంగులేని కాగితం సన్నని పీలికలు, వాటి మధ్య బాగా ఎండిన వరిగడ్డి పొరలు పొరలుగా. గడ్డి ఇంటికప్పు వాసాల్లా పనిచేసి సొరంగాన్ని నిలబెడుతుంది. గడ్డి ఆరిందో లేదో చేత్తో విరిచి చూడండి. బూజు వాసన వచ్చిందంటే పశువుకే పెట్టం, దీనికెలా పెడతాం? దూదీ, ఏలూరు తివాచీల ఉన్ని పోగుల్లాంటి పొడుగు దారాలూ అసలు వేయొద్దు. కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి.

స్నానానికి గిన్నెడు ఇసుక. గోదావరి ఇసుకను జల్లించి, కడిగి, ఎండలో కరకరలాడేదాకా ఆరబెడితే చాలు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, అది చెమ్మ లాగుతుందని ఇందాకే చెప్పుకున్నాం. ఇళ్లు కట్టే రోబో ఇసుక రాయిని పగలగొట్టి చేసినది, పలుకులు పదునుగా ఉంటాయి.

ఎండ సంగతి. వేసవిలో ఇక్కడ నలభై దాటుతుంది. జెర్బిల్ తన ఊళ్లో అంత ఎండనూ చూస్తుంది గానీ అప్పుడది భూమి లోపల ఉంటుంది. తొట్టిలో అడుగు లోతు పరుపు అంత చల్లదనం ఇవ్వదు. ఒక కడప బండ ముక్కను లోపల పెడితే పొట్ట ఆనించి పడుకుంటుంది. చాలామంది ఎయిర్ కూలర్ తిప్పుతారు. మనకది హాయి, దానికి ముప్పు. కారణం కొత్త కుండలోనే ఉంది. వైశాఖంలో కుండనీళ్లు చల్లగా ఉంటాయి, శ్రావణంలో అదే కుండలో అంతగా చల్లబడవు. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరైతేనే చలువ. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆవిరి కాదు. కూలర్ కూడా కుండే, ఫ్యాను పెట్టిన కుండ. గది వేడి తగ్గించినంత మేరా తేమ పెంచుతుంది. ఏసీ అలా కాదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిని మోయగలదు. 80 శాతం తేమ ఉన్నరోజు అందులో 24 గ్రాములుంటాయి. ఏసీ లోపలి చల్లని తీగచుట్ట మీద ఆ నీరు చుక్కలై పైపులోంచి వీధిలోకి కారిపోతుంది. గదిలోకి తిరిగొచ్చేది పొడిగాలి. చెప్పడానికి బాధగానే ఉంది గానీ, వానాకాలం నాలుగు నెలలు రోజులో ఎక్కువ గంటలు ఏసీ నడిపే గది లేని ఇంట్లో ఈ జంతువును పెట్టకండి. చిన్న తేమమీటరు కొని తొట్టి పక్కన పెట్టండి. నాలుగైదు రోజులు వరసగా 60కి పైన చూపిస్తుంటే ఇసుక గిన్నె రోజూ మార్చాలి, తడిసిన మూల పరుపు రోజూ తీయాలి.

తిండి దగ్గర మాత్రం మన ప్రాంతానికి తిరుగులేదు. మంగోలియా జెర్బిల్ అడవిలో తినే గింజల్లో కొర్రకు పూర్వీకురాలైన గడ్డి గింజలుంటాయి. కొర్రను మనిషి మచ్చిక చేసిందే ఉత్తర చైనాలో, అంటే ఈ జంతువు సొంత ఊరి చుట్టుపక్కల. తరతరాలుగా మన మెట్ట పొలాల్లో ఉన్న కొర్ర కంకిని తొట్టిలో వేలాడదీస్తే దానికి పుట్టింటి తిండి పెట్టినట్టే. గింజలు రాల్చి గిన్నెలో పోయడంకన్నా కంకితోనే ఇవ్వడం మంచిది, వలుచుకునే పని దొరుకుతుంది. కొర్రలు, సజ్జలు, కాసిని గోధుమలు, ఓట్స్ కలిపి రోజుకు ఒక్కోదానికి ఒక చెంచా, 5 నుంచి 8 గ్రాములు. చిరుధాన్యాల్లో మాంసకృత్తులు పది పన్నెండు శాతం దగ్గర ఆగిపోతాయి, జెర్బిల్‌కు ఇంకొంచెం కావాలి. ఉప్పు లేని వేయించిన శనగపప్పు రెండు బద్దలు, వారానికోసారి ఉడికిన గుడ్డు తెల్లసొన చిటికెడు, దొరికితే ఎండు పురుగులు ఆ లోటు తీరుస్తాయి.

పొద్దుతిరుగుడు గింజల విషయంలో గట్టిగా ఉండాలి. పప్పులో సగం దాకా నూనే. గిన్నెలో అన్నీ కలిపి పెడితే అవే ఏరుకుని తిని మిగతావి పక్కకు నెట్టేస్తుంది. కొవ్వు ఎక్కుతుంది, ఎముకకు సున్నం అందదు. జెర్బిల్ రక్తంలో కొలెస్టరాల్ తేలిగ్గా పెరుగుతుంది, పరిశోధకులు దాన్ని ఎంచుకోవడానికి అదొక కారణం. రోజుకు ఒకటో రెండో, చేతిలోంచి తినిపించి మచ్చిక చేసుకోవడానికి ఉంచండి. క్యారెట్ ముక్క, కొత్తిమీర రెబ్బ చాలు, నీటి కూరలు ఎక్కువైతే విరేచనాలు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ ఊరు కాబట్టి విడిగా చెబుతున్నాను, ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ వద్దు. వేరుశనగ, మొక్కజొన్న పెట్టాలనుకుంటే బూజు లేదని తేల్చుకుని పెట్టండి. చెమ్మలో వాటి మీద పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, వండినా పోదు. గింజలన్నీ బిగుతు మూత డబ్బాలో ఉండాలి. నెలకోసారి గుప్పెడు తీసి కొరికి చూడండి. పటుక్కుమనకపోతే ఎండబెట్టండి, వాసన మారితే పారేయండి. మూత లేని గింజల డబ్బా మొదట పిలిచేది పందికొక్కునే. దాని వెనకే పాము వస్తుంది.

మిగిలినవి క్లుప్తంగా. ఒంటరిగా పెంచవద్దు, కలిసి పుట్టిన రెండు ఆడవో రెండు మగవో తెచ్చుకోండి. పెద్దయ్యాక కొత్తదాన్ని కలిపితే చంపుకునేదాకా కొట్టుకుంటాయి. తోక పట్టి ఎత్తకండి, చర్మం ఊడి చేతికొస్తుంది. దోసిలి పట్టండి, అదే ఎక్కుతుంది. చక్రం పెడితే ఊచలు లేని, నిండు పలకది. ఎర్రచీమలకు మన అమ్మమ్మలు అన్నం బీరువాకు చేసిన ఉపాయమే, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. మూడు నాలుగేళ్లు బతుకుతుంది.

పిడత పూడ్చిన మొదటి రాత్రి మూత ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడకండి. పొద్దున పరుపు మీద గొట్టం మూతి కోసం వెతకండి. అది కనబడకుండా కాగితం పీలికలతో లోపలినుంచి మూసేసి ఉంటే, లోపల రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయని అర్థం. గాజు మూల వైపు చూడండి. అక్కడ గోళ్ల చప్పుడు ఉండదు.